తరగతికొక పంతులు

రాజధాని నిర్మాణమును గూర్చి మన జిల్లాలో నలుగురు గూడినచోట శాసనసభ, ఉన్నత న్యాయస్థానము, రహదారులు, నదీతీరపు భవనములు చర్చకు వచ్చుచున్నవి. తుళ్లూరు మండల గ్రామములలోని ప్రాథమిక పాఠశాల మాత్రము ఎవ్వరి నోటను వినబడుట లేదు. ఐనవోలునను నీరుకొండనును 2017లో విశ్వవిద్యాలయములు వెలసినవి, సంతోషమే. కాని ఓనమాలు దిద్దించు బడి చిక్కిపోవుచుండగా పైచదువుల భవనము లెంత యెత్తు లేచినను ఆ యెత్తు ఎవరి బిడ్డల కందును?

బడులలో పిల్లలు తగ్గుచున్నారను మాట నిజము. కారణములను విడదీసి చూడవలెను. మొదటిది కాన్పులు తగ్గుట. ఉమ్మడి రాష్ట్రమున ఆఱేండ్ల లోపు శిశువులు 2001 జనాభా లెక్కలలో కోటికి పైగా నుండిరి. 2011 నాటికి 10 లక్షలకు పైగా తగ్గిరి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున స్త్రీకి సగటున 1.7 కాన్పులే. ఇందెవ్వరి దోషమును లేదు. రెండవది, కలిగినవారి పిల్లలు బస్సులెక్కి ప్రైవేటు పాఠశాలలకు పోవుట. మూడవది కూలిజనుల వలస. ప్రత్తితీతకును మిరపకోతకును కర్నూలు ప్రాంతమునుండి కుటుంబములు మన జిల్లాకు తరలివచ్చును. బిడ్డ పేరు అచ్చటి హాజరు పట్టీలో నుండును. బిడ్డ ఇచ్చటి చేనిగట్టున నుండును. రాజధాని గ్రామములలో 33,000 ఎకరములకు పైగా పొలము భూసమీకరణలో చేరగా, ఆ చేలనే నమ్ముకొన్న కూలివారు పని వెదకికొనవలసివచ్చినది. తలిదండ్రులు కదలినచో బిడ్డయు కదలును.

ఇచ్చట గణాంకముల మాయ యొకటి కలదు. 2010 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, 60 మంది వఱకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దఱు ఉపాధ్యాయులను నిర్ణయించినది. 40 మందికి ఇద్దఱన్నచో ఒక్కొక్కరికి 20 మంది. కాగితముపై నిష్పత్తి కడు రమ్యముగా నున్నది. కాని ఆ 40 మందియు అయిదు తరగతులవారు. ఒక పంతులుకు రెండు తరగతులు, రెండవవారికి మూడు. 40 నిమిషముల పీరియడులో మూడు తరగతులకు పాఠము చెప్పువాడు తరగతికి 13 నిమిషములకు మించి ఈయజాలడు. ఒకరు సెలవు పెట్టినను, సమావేశమునకు పోయినను అయిదు తరగతులును రెండవవారి మీదనే పడును. పిల్లలు తక్కువయైనంత మాత్రమున చదువు బాగుపడునని తలంచువారు ఈ లెక్కను వేసికొని చూతురు గాక.

పూర్వము ఒక్క పంతులుతో వీధిబడులు నడువలేదా యని కొందఱు ప్రశ్నింతురు. నడచినవి. 1826లో గవర్నరు మన్రో దొర చెన్నపురి రాజధానిలో 12,498 బడులును 1,88,650 మంది విద్యార్థులును గలరని తేల్చెను. అనగా సగటున బడికి 15 మంది. కాని ఆ యరుగులమీద ఆడుబిడ్డలు బహు తక్కువ. అస్పృశ్యులుగా నెంచబడినవారి బిడ్డలకు చాలవఱకు చోటే లేదు. అయిదు తరగతులకు అయిదు విధముల పుస్తకములును నాడు లేవు. నేడు చట్టము ప్రతి బిడ్డకును చోటిచ్చినది, ఏటికొక తరగతిని నిర్ణయించినది. నాటి పంతులు లెక్కతో నేటి బడిని నడుపుట యెట్లు?

ప్రభుత్వములు ఈ చిక్కు నెఱుగకపోలేదు. 2022లో 117వ ఉత్తరువు మూడు, నాలుగు, అయిదు తరగతులను సమీపపు ఉన్నత పాఠశాలలకు తరలించినది. 2025లో అది రద్దయి, తరగతికొక ఉపాధ్యాయుడను సూత్రముతో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు ఏర్పడినవి. సూత్రము మెచ్చదగినది. కాని పిల్లల సంఖ్య చాలని బడులకు ఆ భాగ్యము లేదు. పిల్లలు తగ్గిరని పంతుళ్లను తగ్గింతురు. పంతుళ్లు లేరని మిగిలిన పిల్లలు పోవుదురు. తుదకు పిల్లలే లేరు, బడి యేల యందురు. చెఱువునకు గండికొట్టి, నీరు నిలువలేదని చెఱువును నిందించుట వంటిదిది.

మేము కోరునవి మూడు. పంతుళ్ల నియామకమునకు పిల్లల తలలతోపాటు తరగతులనుగూడ లెక్కింపవలెను. ప్రతి మండలమునను తరగతివారీగా చేరినవారెందఱో, నిత్యము వచ్చువారెందఱో గ్రామసభలో చదివి వినిపింపవలెను. వలసవచ్చిన బిడ్డను, పట్టీలో పేరు లేకున్నను, పనికాలమంతయు సమీపపు బడిలో కూర్చుండబెట్టవలెను.

ఇక మా రైతు సోదరులతో ఒక మాట. మీ బిడ్డలు బస్సెక్కిన నాటినుండి ఊరిబడి మీకు పరాయిదైనది. పంతులు రాకున్న అడుగువారు లేరు. కప్పు కురిసిన చూచువారు లేరు. అచ్చట మిగిలినది మీ చేలలో ప్రత్తి తీసినవారి బిడ్డలు. వారి తలిదండ్రుల మాటకు కచ్చేరీలో విలువ తక్కువ, మీ మాటకు ఎక్కువ. మీ బిడ్డలను ఎచ్చట చదివించినను సరే, ఊరిబడికి పంతుళ్లను రప్పించుటకు ఆ మాటను వినియోగింపుడు. రాజధానికి భూమినిచ్చిన గ్రామములు తరగతికొక పంతులును నిర్భయముగా అడుగవచ్చును. తుళ్లూరు ముందుగా అడిగినచో తక్కిన మండలములు వెంటనడచును.