గృహ యంత్రములు: రెండు తెరల పాత కంప్యూటరు



తెనాలి ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు నా యెదుట నున్నది. ఆమె మామగారు 1986వ సంవత్సరమున అమెరికానుండి మరలి వచ్చుచు ఐ.బి.ఎం. పీసీ యొకటి వెంట తెచ్చిరట. దానికి తెరలు రెండు: ఆకుపచ్చ యక్షరముల తెర యొకటి, రంగుల తెర మరియొకటి. ఉమ్మడి పొలము లెక్కలన్నియు ఇరువది యేండ్లు వారు దానియందే వ్రాసిరి. వారు గతించిన పిమ్మట యంత్రము అటకెక్కినది. ఇప్పుడు పాలివారు లెక్కలు చూపుమని పట్టుబట్టుచున్నారు. ఫ్లాపీలు పదునొకండును భద్రముగా నున్నవి. యంత్రమును క్రిందికి దింపి తీగలు తగిలింపబోగా, ఏ తీగ యెక్కడిదో తెలియకున్నదట. "కన్నములు రెండును ఒక్క తీరుననే యున్నవి గదా, ఎటు తగిలించిన నేమి? వెలుగకున్న మార్చి చూతము" అని మేనల్లుడు తొందరపడుచున్నాడట. అట్లు చేయవచ్చునా యని ఆమె ప్రశ్న.

చేయరాదు. మిగిలిన వ్యాసము చదువుటకు తీరికలేని వారు ఈ యొక్క మాట యైనను జ్ఞాపక ముంచుకొనవలెను.

1981వ సంవత్సరమున ఈ యంత్రము వెలువడినప్పుడు దానికి తెరకార్డులు రెండు విధములుగా నుండెను. ఎం.డి.ఏ. అను కార్డు అక్షరములను మాత్రమే చూపును, బొమ్మలను చూపదు. కాని అక్షరము ముత్యమువలె నుండును. సి.జి.ఏ. అను కార్డు రంగులును బొమ్మలును చూపును, అక్షరములు మాత్రము మోటు. రెంటికిని 9 రంధ్రముల చోటే. పోలిక అంతవరకే. ఎం.డి.ఏ. సెకనునకు 18,432 గీతలు గీయును, సి.జి.ఏ. సుమారు 15,700 మాత్రమే. ఐ.బి.ఎం. వారి ఆకుపచ్చ తెరకు తనదైన తాళము లేదు, కార్డు వేసిన తాళమునకే ఆడును. పరాయి కార్డు తాళమునకు ఆడింపబోయితిమా, లోపలి భాగములు కాగి మాడిపోవచ్చును. అట్టి తెర మరల దొరకుట దుర్లభము. కీచుమను ధ్వని గాని, మాడు వాసన గాని వచ్చిన తక్షణమే విద్యుత్తు ఆపవలెను.

కార్డులను గుర్తుపట్టుట కష్టము కాదు. యంత్రము వెనుకకు పోయి చూడుడు. 9 రంధ్రముల చోటు ప్రక్కన 25 రంధ్రముల పొడుగు చోటు కూడ నున్నచో అది ఐ.బి.ఎం. వారి ఎం.డి.ఏ. ప్రక్కన గుండ్రని చిన్న కన్న మొక్కటి యున్నచో అది సి.జి.ఏ. గుండ్రని కన్నములు రెండున్న, అది 1984లో వచ్చిన ఇ.జి.ఏ. యను వేరొక కార్డు కావచ్చును. అప్పుడు తెలిసినవారిని పిలిపింపక ముట్టరాదు. ఇతర కంపెనీల కార్డులందు ఈ గుర్తులు మారును గనుక, కార్డుపై నున్న పేరును కూడ చదువుకొనవలెను. గుర్తించిన పిమ్మట తీగకును చోటునకును ఒకే రంగు దారము కట్టుడు. ఈ సోదరి యత్తగారు "ఆకుపచ్చది ఎడమ, రంగులది కుడి, ఆకుపచ్చదాని కరెంటు తీగ యంత్రము వీపునకే పోవును" అని చెప్పిరట. ఎంత సరిగా చెప్పిరి! ఆ తెర నిజముగా యంత్రమునుండియే విద్యుత్తు గైకొనును. దానికి వేరుగా మీట లేదు. ప్రక్కన కూర్చుండి యిరువది యేండ్లు లెక్కలు చదివి చెప్పిన ఆమెను అడుగక, ఇంటివారు బజారున నెవరెవరినో అడిగిరట!

రంగుల తెర తీగ మాత్రము గోడకు పోవును. ఇచ్చట నొక ప్రమాదము కలదు. అమెరికాలో కొన్న యీ యంత్రమును, ఆ తెరయు 120 వోల్టులకు చేసినవి. మన గోడలందున్నది 230. మామగారు వాడిన ట్రాన్స్‌ఫార్మరు వెదకి, రెండింటిని దానికే తగిలింపవలెను. ఏండ్ల తరబడి యటకమీద నున్న యంత్రము గనుక మొదటిసారి మీట వేయునప్పుడు లోపలి చిన్న కెపాసిటరు ఒకటి పటుక్కున పేలవచ్చును. మూత వేసియే యుంచి, పిల్లలను దూరముగా పంపుడు. తెరల వెనుక డొప్పను మాత్రము ఎన్నడును విప్పరాదు. తీగ పీకిన పిమ్మటను లోపల విద్యుత్తు నిలిచియుండును.

మీట వేయగనే ఒక్క పొట్టి కూత వినవచ్చినచో శుభము. ఒక దీర్ఘము, రెండు హ్రస్వములు కూసిన (ఛందస్సు చదివినవారు భగణ మని గుర్తుంచుకొనవచ్చును) తెరకార్డు అందలేదని యర్థము. తీగ పీకి, మూత తీసి, కార్డు చోటున గట్టిగా కూర్చున్నదో లేదో చూడవలెను. అచ్చటనే మదరుబోర్డుపై చిన్న మీటల వరుసలుండును. ఎస్.డబ్ల్యు.1 అను వరుసలో 5, 6 సంఖ్యల మీటలు రెండును ఆఫ్‌లో నుండవలెను. తెరలు రెండున్న యంత్రమునకు అదియే యమరిక.

అన్నియు సరిగా నున్నను రంగుల తెర చీకటిగానే యుండును. కంగారు వలదు, ఇది లోపము కాదు. యంత్రము మొదట ఆకుపచ్చ తెరనే మేల్కొలుపును. డాస్ ఫ్లాపీనుండి మోడ్ అను మాట కొట్టి, ఎడమిచ్చి, సి, ఓ, 80 అని కలిపి కొట్టిన రంగుల తెర మేల్కొనును. మోడ్ మోనో అనిన పలుకు మరల ఆకుపచ్చ తెరకు వచ్చును.

రెండు కార్డులును ఒక్క యంత్రమున కలహింపకుండుటకు కారణము, ఎవరి జ్ఞాపకశాల వారికి వేరుగా నుండుట. రుక్మిణీ సత్యభామలకు వేరువేరు మందిరములు గదా. కాని 1982లో వచ్చిన హెర్క్యులిస్ కార్డు ఉన్నచో జాగ్రత్త. వాన్ సువన్నుకుల్ అను థాయి విద్యార్థి తన పరిశోధన వ్యాసమును తన లిపిలో వ్రాసికొనుటకై దానిని నిర్మించెను. మన లిపికిని ఆ కాలమున అదే యిబ్బంది గనుక నాకు ఆతనిపై నొక యభిమానము. అక్షరములకు తోడు బొమ్మలను కూడ గీయుటకు అతడు 64 కిలోబైట్ల జ్ఞాపకశాల నమర్చెను. దాని యుత్తరార్ధము సి.జి.ఏ. మందిరములోనికి చొచ్చుకొనిపోవును. దానిని హాఫ్ అను స్థితియం దుంచిన కలహము తీరును.

ఇక లెక్కలు. మామగారు వాడినది 1983లో వచ్చిన లోటస్ 1-2-3. పట్టికను ఆకుపచ్చ తెరపైనను, రేఖాచిత్రమును రంగుల తెరపైనను చూపుట దాని నేర్పు. తెరలు రెండని దాని ఇన్‌స్టాల్ భాగమున నొకసారి చెప్పియుండవలెను. ఫ్లాపీలు పెట్టుటకు ముందు ప్రతిదాని అంచుననున్న చదరపు గంటుపై కాగితపు పట్టీ అంటింపుడు. అప్పుడు పొరపాటున నైనను దానిపై ఏమియు వ్రాయబడదు. రంగుల తెర మొరాయించినను లెక్కలు చదువుట కది యడ్డము కాదు, ఆకుపచ్చది చాలును. ప్రింటరు తీగను ఎం.డి.ఏ. కార్డుమీది 25 రంధ్రముల చోటనే తగిలింపవలెను. పదునొకండు ఫ్లాపీలలోని లెక్కలును కాగితమున కెక్కి, అత్తగారు ఒకసారి సరిచూచిన తరువాత పాలివారికి కబురు పంపుడు.