టీములో అమ్మాయి ఉంది సరే, చేతిలో ఏముంది?

సైన్సు పోటీల్లో ఆడపిల్లలు పాల్గొంటున్నారా అని ఎవరైనా అడిగితే మనం గబగబా లెక్క చెప్పేస్తాం. ‘మా టీములో ఐదుగురుంటే ముగ్గురు అమ్మాయిలేనండీ’ అని టీచరుగారు గర్వంగా అంటారు. విని మనమూ సంతోషిస్తాం. సంతోషించాల్సిందే. కానీ ఆ ముగ్గురూ టీములో ఏ పని చేశారని మాత్రం ఎవరమూ అడగం. ఈ మధ్య అమెరికా స్కూళ్ళలో జరిగే ఒక పెద్ద పోటీ గురించి తెలుసుకుంటుంటే నాకు ఈ రెండో లెక్కే ముఖ్యమనిపించింది.

ఆ పోటీ పేరు సైన్స్ ఒలింపియాడ్. 1984లో మొదలైంది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు బాగా పరిచయమైన పేరే. 6 నుంచి 9 తరగతుల వరకు ఒక విభాగం, 9 నుంచి 12 వరకు మరొకటి. 2025 మే నెలలో జాతీయ పోటీలు నెబ్రాస్కా యూనివర్సిటీలో జరిగాయి. ఒలింపియాడ్ అనగానే మనకు ఒంటరిగా కూర్చుని ప్రశ్నపత్రం నింపే పిల్లవాడు గుర్తొస్తాడు. ఇది అలా కాదు. ఒక స్కూలు నుంచి 15 మంది పిల్లలు ఒక టీముగా వస్తారు. వాళ్ళందరూ కలిసి 23 ఈవెంట్లలో పోటీ పడాలి. ఒక్కో ఈవెంటుకు మామూలుగా ఇద్దరు, కొన్నింటికి ముగ్గురు.

గెలుపు లెక్క కూడా తమాషాగా ఉంటుంది. ఒక ఈవెంటులో మొదటి స్థానం వస్తే 1 పాయింటు, పదో స్థానం వస్తే 10. మొత్తం 23 ఈవెంట్ల పాయింట్లు కూడాక ఎవరికి తక్కువ వస్తే వాళ్ళే విజేతలు. అంటే ఒక మేధావి పిల్లవాణ్ణి ముందు నిలబెట్టి మిగతా 14 మందినీ చప్పట్లు కొట్టమంటే కుదరదు. ఒక్క ఈవెంటు పాడైతే టీమంతా కిందికి జారుతుంది. ఈవెంటుకు ఇద్దరు చొప్పున చూసినా 46 చోట్లు నింపాలి. 15 మందికి పంచితే తలా మూడు. ప్రతి బిడ్డకూ పని ఉంటుందన్నమాట. ఎంట్రన్సు ర్యాంకులకు అలవాటుపడ్డ మన కళ్ళకు ఇది కొత్తే.

ఈవెంట్ల జాబితా ఏటా కొంత మారుతుంది. మూడింటి గురించి చెబుతాను. మొదటిది కట్టడం. తేలికపాటి చెక్కపుల్లలు జిగురుతో అంటించి ఓ టవరో, వంతెనో తయారుచెయ్యాలి. దానికి బకెట్ తగిలించి అందులో ఇసుక పోస్తారు. తక్కువ బరువున్న కట్టడం ఎక్కువ ఇసుక మోస్తే గెలిచినట్టు.

రెండోది ‘డిసీజ్ డిటెక్టివ్స్’. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆచూకీ తియ్యడం. ఇది మన పెళ్ళి భోజనాల వ్యవహారమే. పెళ్ళికి వచ్చిన 100 మందిలో 34 మందికి వాంతులయ్యాయనుకోండి. మనమైతే వంటవాళ్ళను తిట్టుకుని ఊరుకుంటాం. ఈ పిల్లలు ఎవరు ఏం తిన్నారో పట్టిక వేస్తారు. పెరుగువడ తిన్నవాళ్ళు 60 మంది, అందులో 30 మంది పడిపోయారు. తిననివాళ్ళు 40 మంది, అందులో 4గురే. సగం మంది ఒకవైపు, పదిలో ఒకరు మరోవైపు. అనుమానం పెరుగువడ మీదికి వెళ్తుంది.

మూడోది నాకు మరీ నచ్చింది. పేరు ‘రైట్ ఇట్, డూ ఇట్’. ఇద్దరు పిల్లల్లో ఒకరికి చిన్న చిన్న వస్తువులతో కూర్చిన బొమ్మలాంటిదేదో చూపిస్తారు. దాన్ని మాటల్లో రాయాలి. బొమ్మ గియ్యకూడదు. ఆ కాగితం మాత్రమే రెండోవారి చేతికి వెళ్తుంది. అసలు వస్తువు చూడకుండా, కాగితం చదివి, అచ్చం అలాంటిదే తయారుచెయ్యాలి. రాసినవాళ్ళు తప్పు రాస్తే చేసేవాళ్ళు ఏం చెయ్యలేరు. చేసేవాళ్ళకు చెయ్యి తిరగకపోతే ఎంత బాగా రాసినా వృథా. రాతకూ చేతకూ సమానమైన విలువ ఇచ్చిన పోటీ ఇది.

పెద్దవాళ్ళు వేలు పెట్టకూడదన్న నియమం కూడా ఉంది. పోటీకి తెచ్చే వస్తువులు పిల్లలు సొంతంగా చేసినవే అయ్యుండాలి. నాన్న రాత్రంతా కూర్చుని చేసిన మోడల్ని పొద్దున్నే పిల్లాడు మోసుకెళ్ళే పద్ధతి చెల్లదు.

ఇన్ని నియమాలు ఉన్నాయి గానీ, ఎవరు ఏ ఈవెంటుకు వెళ్ళాలన్నది టీమే తేల్చుకోవాలి. చిక్కు అక్కడే వస్తుంది. ఎవరూ పని పంచకపోతే పాత అలవాటే పనిని పంచేస్తుంది. ఇది నా ఊహ కాదు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీవాళ్ళు ఫిజిక్స్ ల్యాబుల్లో విద్యార్థులు గుంపులుగా పనిచేసే తీరు గమనించి 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. ఏం చెయ్యాలో ముందే వరసగా చెప్పిన ల్యాబుల్లో ఆడ, మగ పనుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మీ ఇష్టప్రకారం చెయ్యండి అని వదిలేసిన ల్యాబుల్లో మాత్రం ఆడపిల్లలు ఒక రకం పనికి, మగపిల్లలు ఇంకో రకం పనికి చేరిపోయారు. టీచర్లు అలా చెయ్యమని చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే సర్దుకున్నారు.

ఆ సర్దుబాటు మనకు తెలియనిదా? మన దగ్గరా టీము పోటీలున్నాయి. 1993 నుంచి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ జరుగుతోంది. పిల్లలు తమ ఊరి సమస్యను తీసుకుని కలిసి పరిశోధించే పద్ధతి అది. జన విజ్ఞాన వేదికవాళ్ళ చెకుముకి పోటీలు హైస్కూలు పిల్లలకు తెలుసు. ఇవి కాక స్కూలు స్థాయి ప్రదర్శనలు ఉండనే ఉన్నాయి. నేను చూసిన ప్రదర్శనల్లో చాలాచోట్ల ఒకటే దృశ్యం. మోటారుకు వైర్లు కలిపింది అబ్బాయిలు. ఛార్టు మీద రంగుల అక్షరాలు రాసి, వచ్చినవాళ్ళకు గడగడా అప్పజెప్పింది అమ్మాయిలు. కారణం అడిగితే, ‘అమ్మాయిల దస్తూరి బాగుంటుందండీ, కరెంటు పని వాళ్ళకెందుకు?’ అంటారు. ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగించడానికి, కుక్కరు గ్యాస్కెట్ మార్చడానికి, మిక్సీ మొరాయిస్తే చూడడానికి లేని భయం స్కూల్లో తొమ్మిది వోల్టుల బ్యాటరీ దగ్గర ఎందుకొచ్చింది? చివరికి సర్టిఫికెట్ అందరికీ ఒక్కటే. ఎవరి చెయ్యి ఏం నేర్చుకుందో అందులో ఉండదు.

‘గెలవాలంటే ఎవరికి ఏది బాగా వస్తే అది ఇవ్వాలి కదా’ అంటారు కొందరు. పోటీ రోజున అది న్యాయమే. కానీ అబ్బాయికి ఆ పని బాగా రావడానికి కారణం ఏమిటి? చిన్నప్పుడే వాడి చేతికి స్క్రూడ్రైవర్ వచ్చింది. సైకిలు విప్పి పాడుచేసినా, ‘మగపిల్లాడు కదా’ అని ఊరుకున్నాం. ప్రాక్టీసు రోజుల్లో కూడా అమ్మాయికి ఆ అవకాశం ఇవ్వకపోతే పోటీ రోజున ఆమెకు ఎలా వస్తుంది? నష్టం అమ్మాయిలకే కూడా కాదు. తను చేసింది నాలుగు వాక్యాల్లో చెప్పలేని అబ్బాయి రేపు ఇంజనీరయ్యాక రిపోర్టు ఎవరిచేత రాయిస్తాడు?

రాయడం చిన్న పని అని నా ఉద్దేశం కాదు. రాసే పనికి అమ్మాయి తను ఎంచుకుని వెళ్ళాలి. ఇంకెవరూ లేరు కాబట్టో, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి కాబట్టో కాదు.

మనం చెయ్యగలిగింది చాలానే ఉంది. పిల్ల పోటీ నుంచి రాగానే ‘ప్రైజు వచ్చిందా?’ అనే ముందు ‘నువ్వేం చేశావు?’ అని అడగండి. పేరెంట్స్ మీటింగుకు వెళ్ళినప్పుడు టీచరుగారితో ఒక మాట అనండి. ప్రాక్టీసులో ప్రతి బిడ్డా ఒకసారి కట్టాలి, ఒకసారి కొలవాలి, ఒకసారి రాయాలి. ఎవరు ఏ రోజు ఏ పని చేశారో ప్రాజెక్టు నోట్‌బుక్కులో రాయించమనండి. రెండు వారాల పేజీలు తిరగేస్తే పని ఎలా పంచుకున్నారో అందరికీ కనిపిస్తుంది. అబ్బాయి తల్లులు కూడా ఇదే అడగాలి.

ఇంట్లో స్విచ్చి పాడైతే ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు పక్కన నిలబడి చూడమని కొడుకునే పిలుస్తాం. ఈసారి కూతుర్ని కూడా పిలవండి. మెయిన్ ఎలా ఆపుతారో, ఎందుకు ఆపుతారో ఆమె కూడా చూస్తుంది. వచ్చే ఏడు స్కూలు టీములో వైర్లు ఎవరు కలుపుతారన్న ప్రశ్న వచ్చినప్పుడు, ‘నాకు తెలుసు’ అని చెయ్యెత్తడానికి ఆమెకు అంతమాత్రం చాలు.