బ్రేకుల సామాను: ధర అడుగుతున్నారు, నెంబరు అడగడం లేదు

పాయకరావుపేట, (మా విలేఖరి): తాండవ వంతెనకు అటు తుని, ఇటు పేట. ఈ రెండు ఊళ్లలోని మోటారు సామాన్ల దుకాణాల వద్ద ఏ ఉదయం నిలబడినా ఒకే తంతు కనిపిస్తుంది. వచ్చిన మనిషి చేతిలో పాత బ్రేకు షూ ఉండదు, బండి కాగితాలు ఉండవు. కారు పేరు ఒక్కటి చెప్పి బ్రేకులు కావాలంటాడు. దుకాణదారు రెండు మూడు పెట్టెలు బల్ల మీద పెడతాడు. వాటిలో చవకది ఏదన్నదే తరువాతి ప్రశ్న. బండి ఏ సంవత్సరం తయారీ, పెట్రోలుదా డీజిలుదా, పెట్టె మీద పార్టు నెంబరు ఏముంది అన్న మాటలు ఇటు నుంచీ రావు, అటు నుంచీ రావు.

పల్లెల్లోకి సెకండ్ హ్యాండు కార్లు విరివిగా వస్తున్న రోజులివి. కొత్త కారు కొనలేని రైతు, చిన్న ఉద్యోగి ఏడెనిమిదేళ్లు తిరిగిన బండిని కొంటున్నాడు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఆటో, వ్యాను వంటి అద్దె వాహనాలకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. సొంత కారుకు రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు. అంతవరకు దాని బ్రేకు పని చేస్తున్నదో లేదో తప్పనిసరిగా పరీక్షించే అధికారి ఎవరూ లేరు. ఊరి పక్కనే 16వ నెంబరు జాతీయ రహదారి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటిపోతుంది. గేదె అడ్డు వచ్చిందని కంటికి తెలిసి, కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికే ఆ దూరం గడిచిపోతుంది. మిగిలిన దూరంలో బండిని ఆపవలసింది ఆ పెట్టెలో కొన్న సామానే.

ధర విషయంలో కొంత ఊరట కలిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు విడిభాగాలన్నింటి మీద జి.ఎస్.టి. ఒకే తీరున 18 శాతంగా మారింది. అంతకుముందు కార్ల బ్రేకు సామాను మీద అది 28 శాతం. పన్ను కలపకముందు వెయ్యి రూపాయలున్న వస్తువుకు అప్పట్లో 1,280 రూపాయలు పడితే, కొత్త లెక్కన 1,180 రూపాయలు కావాలి. ఆ తేడా కొనేవాడికి చేరిందో లేదో తెలియాలంటే బిల్లు చూడాలి. మన దగ్గర బిల్లు అడిగేవారే తక్కువ. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామన్న మాట చాలామందికి తీయగా వినిపిస్తుంది.

ఈ విలేఖరి కూడా ఆ తీపికి లొంగినవాడే. కొన్నేళ్ల కిందట కొన్న పాత కారుకు వెనుక షూలు ఒక దుకాణంలో బిల్లు లేకుండా చవకగా కొని, తెలిసిన మెకానిక్‌కు ఇచ్చి వేయించాను. సామాను చూసి అతను పెదవి విరిచాడు, నేను పట్టించుకోలేదు. ఆ చలికాలం నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లి తిరిగి ఘాటీ దిగుతుండగా వెనుక చక్రంలో గరగర మొదలైంది, పెడలు లోతుగా దిగసాగింది. బండిలో భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. రెండో గేరులో వేసి, కొండ వైపు ఆనించుకుంటూ ఎలాగో దింపాను. విప్పి చూస్తే ఒక షూ మీద లైనింగు ఊడి డ్రమ్ములో ముక్కలై ఉంది. కొన్నది ఎక్కడని మెకానిక్ అడిగాడు. చెప్పగలిగాను గాని, రుజువుకు కాగితం ముక్క లేదు. కొత్త డ్రమ్ముతో కలిపి చవకలో మిగిలినదానికి ఎన్నో రెట్లు అయింది.

ఒకే పేరున్న కారుకు అన్ని సంవత్సరాల్లోనూ ఒకే బ్రేకులు ఉండవు. కంపెనీ మోడలు పేరు మార్చకుండానే లోపలి భాగాలు మారుస్తూ ఉంటుంది. ముందు చక్రాల ప్యాడ్ల ఆకారం, వెనుక డ్రమ్ము సైజు రకాన్ని బట్టి వేరు కావచ్చు. నాలుగు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు, చక్రానికి ఆనుతుంది. అందుకు కంపెనీలే తేలిక దారి పెట్టాయి. ఆర్.సి. కాగితం మీద 17 అక్షరాలు, అంకెలు కలిసిన ఛాసిస్ నెంబరు ఉంటుంది. కంపెనీ విడిభాగాల డీలరు దగ్గర ఆ నెంబరు చెబితే ఆ బండికే తగిన పార్టు నెంబరు వస్తుంది. దాన్ని కాగితం మీద రాయించుకుంటే తరువాత ఎక్కడ కొన్నా పెట్టె మీది నెంబరుతో పోల్చుకోవచ్చు. విప్పిన పాత షూను కూడా వెంట తీసుకుపోయి పక్కపక్కన పెట్టి చూడడం మరీ మంచిది. ఫోనులో చూసి తెప్పించుకునే కుర్రవాళ్లు, అక్కడ మీ బండికి సరిపోతుందని రాసి ఉన్నా, ఈ నెంబరుతో సరిచూసుకోనిదే డబ్బు కట్టకూడదు.

కారు కంపెనీ పెట్టెలో ఉన్నదే అసలు, మిగతావన్నీ నకిలీ అనుకోవడమూ పొరపాటే. కారు కంపెనీలు బ్రేకులను చాలావరకు సొంతంగా తయారు చేయవు. వాటికి సరఫరా చేసే సంస్థలే తమ పేరుతోనూ బజారులో అమ్ముతాయి. నాణ్యత తగ్గకుండా కొంత చవకగా దొరికే దారి అది. భయపడవలసింది పేరున్న కంపెనీ పెట్టెను అనుకరించిన సరుకుకు. అక్షరాలు అలికినట్టుండడం, చిరునామా లేకపోవడం, ఎం.ఆర్.పి. మీద మరో చీటీ అంటించి ఉండడం, సీలు విప్పి మళ్లీ అతికించినట్టుండడం అనుమానించదగిన గుర్తులు. పెద్ద కంపెనీల పెట్టెల మీద ఫోనుతో పరీక్షించే గుర్తులు కూడా వస్తున్నాయి. చదువుకునే పిల్లలు ఆ పని క్షణంలో చేసి పెడతారు.

మెకానిక్‌ను తిట్టడం మనకు అలవాటు. దుకాణం నుంచి మెకానిక్‌కు కొంత ముట్టడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. అయినా చవక సామాను తెచ్చి, ఇదే వేయమని పట్టుబట్టే యజమానులు తక్కువేమీ కాదు. రెండు చక్రాల్లో ఒకదానికే షూలు మార్చమనేవారూ ఉన్నారు. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది ఉంటే గట్టిగా తొక్కినప్పుడు బండి పక్కకు లాగుతుంది. ముందు మారిస్తే ముందు రెండూ, వెనుక మారిస్తే వెనుక రెండూ మార్చవలసిందే. డిస్కును, డ్రమ్మును లేత్ మీద టర్నింగు చేయించడానికీ హద్దు ఉంది. డిస్కు ఎంత పలచబడవచ్చో, డ్రమ్ము ఎంత వెడల్పు కావచ్చో సాధారణంగా ఆ భాగం మీదే చెక్కి ఉంటుంది. ఆ హద్దు దాటితే మార్చడమే.

పెంటకోట వైపు తీరం నుంచి చేపలు తెచ్చే బండ్లకు మరో బాధ ఉంది. ఐసు కరిగిన ఉప్పు నీరు పెట్టెల్లోంచి కారి వెనుక చక్రాల మీద పడుతుంది. సముద్రపు గాలి సరేసరి. షూలు అరగకముందే వీల్ సిలిండర్లు పట్టేయడం, లోహపు గొట్టాలు తుప్పు పట్టి కారడం, హ్యాండు బ్రేకు తీగ కదలకపోవడం జరుగుతాయి. ఇటువంటి బండికి షూలు మాత్రమే కొంటే సగం డబ్బు నీళ్లలో పోసినట్టే. విప్పినప్పుడు సిలిండరు రబ్బర్లు, గొట్టాలు కూడా చూపించమని అడగాలి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినది ఘాటీలో వేడెక్కి ఆవిరై పెడలును ఖాళీ చేస్తుంది. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాలోది పోయించుకోవద్దు. డాట్ 3 కావాలో డాట్ 4 కావాలో మూత మీదే రాసి ఉంటుంది. చేతికి దొరికిందని ఇంజను ఆయిలు పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి బ్రేకు మొత్తం పాడవుతుంది. డ్రమ్ములోని నల్లటి పొడిని గాలి కొట్టి ఎగరగొట్టడం మన షెడ్లలో మామూలు. కొన్ని లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఆ పని చేసే పిల్లవాడి ప్రాణం కూడా లెక్కలోదే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. నకిలీ సరుకు అంటగడితే 1915 నెంబరుకు ఫోను చేయవచ్చు. పేట వారికి మరో వెసులుబాటు ఉంది. 2022లో జిల్లాల విభజనతో మనం అనకాపల్లి జిల్లాకు, వంతెన అవతలి తుని కాకినాడ జిల్లాకు వెళ్లాయి. అయినా తునిలో కొన్న వస్తువు మీద కొన్నవాడు తన నివాసం ఏ జిల్లా వినియోగదారుల కమిషను పరిధిలో ఉంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. బిల్లు, పాత పెట్టె, ఊడిన ముక్క దాచి ఉంచాలి.

చలికాలం రాగానే లంబసింగి ప్రయాణాలు మొదలవుతాయి. కొత్త ప్యాడ్లు, షూలు డిస్కుకు, డ్రమ్ముకు సరిగా పొందడానికి రెండు మూడు వందల కిలోమీటర్ల నెమ్మది ప్రయాణం పడుతుంది. వెళ్లదలచినవారు ముందు రోజు సాయంత్రం షెడ్డుకు పరుగెత్తక, కొన్ని వారాల ముందే ఈ పని చేయించుకుని ఊళ్ల మధ్య తిరిగి చూసుకోవలసి ఉంటుంది.