చౌక కారు, పొదుపు ఇంజను

మన దేశమున వాడబడు ముడినూనెలో నూటికి ఎనుబదియైదు పాళ్లకు మించి విదేశములనుండి వచ్చుచున్నది. ఓడలు నడచు దారిలో ఎక్కడనో యుద్ధము పుట్టినచో, బెజవాడలోను ఓరుగల్లులోను అప్పుచేసి కారు కొన్న సంసారి గుండె ఇచ్చట జల్లుమనును. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై, బస్సులు వెనుకప్రక్క బొగ్గుపొయ్యి తగిలించుకొని ఆ గ్యాసుతో నడచిన కథ తాతలవలన వినినవారు నేటికిని కలరు. కావున తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము నడచు ఇంజను వచ్చునా, వచ్చినచో అది సామాన్యుని కారులోనికి చేరునా యను ప్రశ్నను ఇంజనీర్లకు మాత్రమే విడిచి ఊరకుండరాదు. ఇది గృహస్థుని ధనమునకును దేశధనమునకును సంబంధించిన వ్యవహారము.

1876లో జర్మనీ దేశస్థుడగు నికొలౌస్ ఆటో నాలుగు దశల ఇంజనును నడిపి చూపెను. నేటికిని మన పెట్రోలు కార్లకు ఆధారము ఆ సూత్రమే. పెట్రోలులోనున్న శక్తిలో సామాన్యపు కారు చక్రములకు అందునది నూటికి ఇరువది ముప్పది పాళ్లు మాత్రమే. మిగిలినదానిలో పెక్కుభాగము పొగగొట్టమునుండియు రేడియేటరునుండియు వేడియై పోవుచున్నది. నూరు రూపాయల పెట్రోలు పోయించినవాడు డెబ్బది రూపాయలు గాలికి సమర్పించుచున్నాడన్నమాట.

ఈ నష్టమును తగ్గింతుమని బయలుదేరిన అద్భుతములకు లోటులేదు. ఫెలిక్స్ వాంకెల్ కల్పించిన తిరుగుడు ఇంజనును 1964లో జర్మనీయందలి ఎన్‌ఎస్‌యూ కంపెనీ కారులో పెట్టి అమ్మినది. అది చిన్నది, తేలికైనది, కుదుపు లేనిది. కాని పెట్రోలు విషయమున దుబారా. జపానులో మాజ్డా కంపెనీ దశాబ్దముల తరబడి దానిని నమ్ముకొని, తుదకు 2012లో ఆ ఇంజనుతో నడచు ఆర్‌ఎక్స్-8 తయారీని మానుకొనెను. లోనికి వచ్చిన గాలిని ఎంత నొక్కవలెనో నడుమనే మార్చుకొనుచు, 8 రెట్లనుండి 14 రెట్లవరకు నొక్కగల ఇంజనును 2018లో నిస్సాన్ వారు అమ్మకమునకు తెచ్చిరి. దాని నేర్పు మెచ్చదగినదే. అయినను దానిలోని కీళ్లును మీటలును టర్బోయు ఖరీదైన బండ్లకే తగియున్నవి. సామాన్యుని కారునకు వలసినది కొలదిభాగములతో కుదురుగా నడచునట్టి ఇంజను.

అట్టిది పాతపద్దులలోనే దొరకుచున్నది. 1882 ప్రాంతమున ఇంగ్లండులో జేమ్స్ ఆట్కిన్సన్ అనునాయన ఒక సులభమైన సంగతి గ్రహించెను. మండిన వాయువు ఇంకను బలము కలిగియుండగానే బయటికి పోవుచున్నది. నొక్కినదానికంటె ఎక్కువమేర దానిని వ్యాకోచింపనిచ్చినచో ఆ బలము కూడ పనికి వచ్చును. నేటి ఇంజనులలో గాలి లోనికి వచ్చు కవాటమును కొంత ఆలస్యముగా మూయుటచే ఈ ఫలము సాధింపబడుచున్నది. చిక్కు ఏమనగా, ఇంజను పరిమాణమునకు తగిన బలము రాదు. 1997లో టొయోటావారు ప్రియస్ కారునందు దీనికి విద్యున్మోటారును తోడుచేసి ఆ లోటు తీర్చిరి. బండి కదలునప్పుడు మోటారు భారము మోయును. బ్రేకు వేసినప్పుడు వ్యర్థమగు శక్తిలో కొంత బ్యాటరీకి మరలును. కూడలివద్ద ఇంజను ఆగియుండును. ఇదియే హైబ్రిడ్ పద్ధతి.

ఈ పద్ధతి మన దేశమునకును వచ్చినది. 2022లో వెలువడిన మారుతీ గ్రాండ్ విటారాలో సాధారణపు పెట్రోలు బండి చేతిగేరుతో లీటరునకు 21.11 కిలోమీటర్లు, హైబ్రిడ్ బండి 27.97 కిలోమీటర్లు నడచునని ధ్రువపత్రము. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరుగు గృహస్థునకు ఆ లెక్కన సుమారు 116 లీటర్లు మిగులును. ఇది చిన్నమొత్తము కాదు. కాని బ్యాటరీయు మోటార్లును చేరినందున హైబ్రిడ్ ధర లక్షలలో హెచ్చియుండగా, పెట్రోలులో మిగిలినది ఆ ధరను పూడ్చుటకు పదియేండ్లయినను చాలకపోవచ్చును. జీతముపై బ్రతుకువాడు అంతకాలము కాచుకొనియుండునా?

ఈ భారముపై పన్ను మరియొక భారము. 2025 సెప్టెంబరు 22 నుండి అమలులోనికి వచ్చిన జీఎస్టీ సవరణ ప్రకారము, నాలుగు మీటర్ల నిడివికిని 1200 సీ.సీ.కిని మించని పెట్రోలు కార్లకును పెట్రోలు హైబ్రిడ్లకును పన్ను 18 పాళ్లు. మించినవానికి 40 పాళ్లు. లీటరునకు 24.8 కిలోమీటర్లు నడచు స్విఫ్టు మొదటి వరుసలో కూర్చున్నది. అంతకంటె ఎంతో బరువైనదయ్యు 27.97 నడచు హైబ్రిడ్, తన ఇంజను 1490 సీ.సీ. గలదగుటచేతను నిడివి హెచ్చగుటచేతను, రెండవ వరుసలో నిలువవలసివచ్చినది. చిన్నకారునకు పన్ను తగ్గించినందుకు మేము సంతోషించుచున్నాము. చిన్న హైబ్రిడ్డునకు కూడ ఆ తలుపు తెరచినందుకు మరింత సంతోషము. కాని ఆట్కిన్సన్ పద్ధతియందు ఒక్కొక్క సీ.సీ.కి వచ్చు బలము తక్కువ. కావుననే దానికి సీ.సీ. కొంత ఎక్కువ కావలెను. సీ.సీ.ని బట్టి శిక్షించు శాసనము, తెలియకయే, పొదుపు చేయువానిని శిక్షించుచున్నది.

నిడివిని సీ.సీ.ని కొలుచుట సులభమని అధికారులు చెప్పవచ్చును. న్యాయస్థానమున మేము నేర్చిన పాఠమేమనగా, సులభమైన కొలత యెల్లప్పుడు న్యాయమైన కొలత కాదు. కొత్త తరాజును వెదకవలసిన పనియు లేదు. ప్రతి కారునకును లీటరు లెక్క ధ్రువపరుపబడుచునే యున్నది. తమ కార్లన్నిటి సగటు ఇంధనవ్యయమునకు కంపెనీలు జవాబు చెప్పవలెనను నిబంధన 2017 నుండియే కలదు. ఆ తరాజుతోనే పన్నును తూచవచ్చును.

విద్యుత్కార్లుండగా ఇంజనుల మాట యెందుకని కొంద రడుగుదురు. వానిపై పన్ను 5 పాళ్లే, అవి వర్ధిల్లుగాక. కాని నేడు కొన్న పెట్రోలు కారు పది పదునైదేండ్లు రోడ్డుపై నుండును. అన్నియేండ్లును అది యెంత త్రాగునో నేటి ఇంజనే నిర్ణయించును. ఇథనాలు మాటయు ఇట్టిదే. పెట్రోలులో 20 పాళ్లు ఇథనాలు కలుపవలెనను లక్ష్యము 2025లో నెరవేరినది. లీటరు ఇథనాలులోని శక్తి పెట్రోలుకంటె మూడవవంతు తక్కువ. కాని గట్టిగా నొక్కినను అకాలమున అంటుకొనని గుణము దానికి కలదు. ఆ గుణమునకు తగినట్లు ఇంజనును కూర్చినచో నష్టములో కొంత తిరిగి రాబట్టవచ్చును. ఆ కూర్పు మన యవసరమును ఎరిగినవారు చేయవలసినది.

2008లో లక్షరూపాయల ధర చెప్పి, రెండు సిలిండర్ల 624 సీ.సీ. ఇంజనుతో టాటావారు నానోను చూపినప్పుడు ప్రపంచము మనవైపు చూచినది. పదియేండ్లకు దాని తయారీ ఆగిపోయినను, చౌకగా కూర్చు నేర్పు మనవారికి కలదని రుజువైనది. ఆ నేర్పు ఈనాడు చిన్న ఇంజనునకు, చిన్న మోటారునకు, చిన్న బ్యాటరీకి త్రిప్పవలయును. ప్రభుత్వము లీటరును బట్టి పన్ను వేయవలయును. పాఠకులును కారు కొనబోవునప్పుడు అద్దముల సొగసుకంటె ముందు ఇంజను మాట అడుగవలయును. కొనువాడు అడుగనిదానిని అమ్మువాడు చేయడు.