పెరిగినా పడినా... లెక్క ఒక్కటే!

2017 ఏప్రిల్ 28. ఖమ్మం మిర్చి యార్డులో ధర పడిపోయింది. కడుపు మండిన రైతులు తిరగబడ్డారు. మే నెలలో కేంద్రం క్వింటాలు 5,000కు కొంటామని ప్రకటించింది. అదే... ‘ధర ఎంత పడినా ఇంతకు అమ్ముకోవచ్చు’ అన్న ధీమా ముందే చేతిలో ఉంటే? మార్కెట్ భాషలో దాన్నే ‘పుట్ ఆప్షన్’ అంటారు. ‘ఎంత పెరిగినా ఇంతకే కొనుక్కోవచ్చు’ అంటే ‘కాల్’. ఏదీ ఊరికే రాదు. ఇంటి స్థలానికి బయానా ఇచ్చినట్టు ముందే కొంత కట్టాలి. వద్దనుకుంటే ఆ సొమ్ము పోయినట్టే.

ధర పెరుగుతుందని అందరూ అనుకుంటే కాల్ ప్రియమై, పుట్ చవకవుతుందా? చాలామంది అనుకునేది అదే. కానీ లెక్క వేరు.

ఖానాపురం హవేలిలో ఇద్దరు అన్నదమ్ములున్నారనుకుందాం. మిర్చి క్వింటాలు 15,000. వడ్డీ నూటికి నెలకు రూపాయి. అన్న దగ్గర క్వింటాలు సరుకుంది. ఆరు నెలల తర్వాత 15,900కు అమ్ముకునేలా పుట్ కొన్నాడు. తమ్ముడు 15,000 వడ్డీకిచ్చాడు. అదే గడువుకు, అదే 15,900కు కొనుక్కునేలా కాల్ తీసుకున్నాడు.

గడువు నాటికి ధర 20,000 అయిందా... అన్న పుట్‌ను పక్కన పడేసి సరుకు అమ్ముకుంటాడు. తమ్ముడు వడ్డీతో కలిసి వచ్చిన 15,900 కట్టి సరుకు తీసుకుని 20,000కు అమ్ముతాడు. 10,000కు పడిందా... పుట్ పుణ్యమా అని అన్నకు 15,900. కాల్ చిత్తుకాగితమైనా తమ్ముడి చేతిలోనూ 15,900!

ఎటు తిరిగినా ఇద్దరికీ వచ్చేది ఒకటే. కాబట్టి పెట్టేదీ ఒకటే కావాలి. అంటే ఇక్కడ పుట్, కాల్ ధరలు సమానం. పుట్ 800, కాల్ 1,000 పలికితే? గడుసు వ్యాపారి 15,000 అప్పు తెచ్చి సరుకు కొంటాడు. కాల్ అమ్మి, పుట్ కొంటాడు. రిస్కు లేకుండా 200 మిగుల్చుకుంటాడు. అలాంటివాళ్లు ఎగబడే కొద్దీ తేడా పూడిపోతుంది. కోల్డ్ స్టోరేజీ అద్దె ఉంటే కాల్ ఆ మేరకు ఎక్కువ పలుకుతుంది.

మిర్చి ఇక్కడ ఉదాహరణకే. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో 2001 జూన్‌లో మొదలైన నిఫ్టీ ఆప్షన్లనూ కట్టి ఉంచేది ఈ ‘పుట్-కాల్ ప్యారిటీ’నే. అయితే ధర ఎటు పోతుందో ఇది చెప్పదు. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని 2024లో సెబీ తేల్చింది.

అందుకే కాల్ చవగ్గా దొరుకుతోందని ఎవరైనా ఊరిస్తే తొందరపడొద్దు. పక్కనున్న పుట్ ధర, వడ్డీ లెక్క చూడండి. ఆ చవక నిజమో కాదో తెలిసిపోతుంది!