లేనిదానికై వేట, ఉన్నదానియెడ ఉపేక్ష

ఇటీవల సాఖర్ పేట మొదలుకొని విడి ఘర్కుల్ వరకు మన తెలుగు యువకుల నోట ఒక క్రొత్త ముచ్చట వినవచ్చుచున్నది. సెలవులలో కొందరు జట్టు కట్టి హిమాలయములకు పోయి, మంచుకొండల నడుమ గుడారములు వేసికొని, ‘యెతి’ యను మహామృగము యొక్క అడుగుజాడలను వెదకుదురట. అమెరికాలో స్థిరపడిన బంధువుల పిల్లలు అక్కడి అడవులలో ‘బిగ్‌ఫుట్’ అను రోమశ మానవుని కొరకు రాత్రులు గడపిన కథలను ఫోనులో చెప్పుచుండగా మనవారి ఉత్సాహము మరింత హెచ్చినది. కావలసిన పైకము ఇంటి పెద్దలే ఇయ్యవలయునట. సంఘము కూడ కొంత భరింపరాదా యని అడుగువారు లేకపోలేదు.

నవ్వి ఊరకొనుట సులభమే. కాని ఇది నవ్వి త్రోసివేయదగిన సంగతి కాదు. మరమగ్గము ముందు పగలంతయు నిలుచు తండ్రియు, చాటలో ఆకు పెట్టుకొని బీడీలు చుట్టు తల్లియు కూడబెట్టిన రూకలు ఇందులో ఖర్చు కానున్నవి. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. లేని మృగమును వెదక వేయి మైళ్లు పోవువారు, మన ఊరి చేరువనే ఉండి కనుమరుగగుచున్న ప్రాణిని ఒక్కనాడైనను తలపరు. ఈ విపరీతమునే మేము ఖండించుచున్నాము.

ముందుగా ఈ ‘పెద్ద అడుగు’ ఎక్కడ పుట్టినదో చూతము. ఉత్తర కాలిఫోర్నియాలో బ్లఫ్ క్రీక్ అను చోట 1958లో అడవిబాట వేయుచున్న పనివారికి మట్టిలో మిక్కిలి పెద్దవైన అడుగుజాడలు కనబడెను. అక్కడి పత్రిక ఆ వార్తను ప్రకటించుటతో బిగ్‌ఫుట్ అను పేరు లోకమంతట వ్యాపించెను. ఆ పనిని గుత్తకు తీసికొన్న రే వాలెస్ 2002లో మరణించిన పిమ్మట, ఆయన కుటుంబమువారు చెక్కతో మలచిన పాదములను బయటపెట్టి, ఆ జాడలు ఆయన చేసిన వేళాకోళమని చెప్పిరి. 1967లో అదే ప్రాంతమున ప్యాటర్సన్, గిమ్లిన్ అనువారు తీసిన, నిమిషమునకు మించని చలనచిత్రమొకటి నేటికిని సాక్ష్యముగా చూపబడుచున్నది. ఇన్ని దశాబ్దములలో ఒక్క యెముక గాని, ఒక్క కళేబరము గాని దొరకలేదు. దొరకినది వ్యాపారము మాత్రమే. 1995లో వెలసిన ఒక బిగ్‌ఫుట్ పరిశోధక సంస్థ రుసుము పుచ్చుకొని జనులను అడవులకు తీసికొనిపోవుచు వచ్చినది. మృగము కనబడకున్నను పుచ్చుకొన్నవారికి నష్టము లేదు.

మనము నేతవారము. ఎక్కడనో నేసిన నాసి సరకుపై షోలాపూరు చద్దరని ముద్ర వేసి అమ్మువారిని చూచి మండిపడువారము. చద్దరు అంచు తిప్పి చూచి, నూలు వేలితో తడిమి గాని ధర పలుకము. అట్టి మనము చెక్కపాదముల జాడను మాత్రము తడిమి చూడక కొనుట ఏమి వివేకము?

హిమాలయముల యెతి సంగతి ఇంతకంటె మేలుగా లేదు. 1951లో ఎరిక్ షిప్టన్ అను పర్వతారోహకుడు ఎవరెస్టు ప్రాంతపు మంచుపై ఒక పెద్ద అడుగుజాడను ఛాయాచిత్రము తీసెను. నాటినుండి దండులపై దండులు బయలుదేరెను. ఎవరెస్టు నెక్కిన ఎడ్మండ్ హిల్లరీయే 1960-61లో ఒక దండును నడపెను. ఖుమ్‌జుంగ్ గ్రామపు మఠమునుండి తెప్పించి పరీక్షింపగా, ‘యెతి తలచర్మము’ సెరో అను మేకజాతి అడవిజంతువు తోలుతో చేసినదని తేలెను. 2017లో యెతివని చెప్పబడిన తొమ్మిది నమూనాలకు డీఎన్ఏ పరీక్ష చేసి చూడగా ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది అయ్యెను. 2019 ఏప్రిలులో మన సైన్యమువారు మకాలూ శిబిరము వద్ద 32 అంగుళముల పొడవు, 15 అంగుళముల వెడల్పు గల యెతి జాడలను కనుగొంటిమని ప్రకటించిరి. ఎలుగుబంటి వెనుకకాలు ముందుకాలి జాడపై పడినచో రెండును కలిసి ఒకే మహాపాదమువలె కానవచ్చును. ఎండకు మంచు కరగినచో అది ఇంకను విస్తరించును. ఈ మాత్రము తెలిసికొనుటకు గుడారములతో పనిలేదు.

“యువకులు నాలుగు చోట్లు తిరిగి రావలదా? ఇందులో ఎవరికి కీడు?” అని కొందరు పెద్దలు మమ్ము ప్రశ్నింతురు. తిరుగుటకు మేము విరోధులము కాము. మన తాతముత్తాతలు తెలంగాణ పల్లెలు విడిచి, మగ్గము పని వెదకికొనుచు ఈ ఊరు చేరినవారు. ప్రయాణము మనకు క్రొత్త కాదు. కాని వారు ఉన్నదానిని వెదకి వచ్చిరి. మిల్లు ఉన్నదని, కూలి దొరకునని విచారించుకొని వచ్చిరి. విచారణ లేని ప్రయాణమును వారి పేరుతో సమర్థింపరాదు.

మరికొందరు చదువుకొన్నవారు ఇంతకంటె బలమైన వాదము చేయుదురు. కడప జిల్లాలోని కలివికోడిని చూపుదురు. అదియు లేదని శాస్త్రజ్ఞులు చెప్పిన పిమ్మట దొరకినదే కదా, యెతి మాత్రమేల దొరకరాదందురు. ఈ మాటకు జవాబు చెప్పవలసియే యున్నది.

కలివికోడి కట్టుకథగా పుట్టలేదు. జెర్డన్ అను సైనికవైద్యుడు కనుగొన్న ఆ పక్షిని 1848లోనే శాస్త్రజ్ఞులు వర్ణించిరి. దాని నమూనాలు సంగ్రహాలయములలో నుండెను. 1900 తరువాత అది ఎవరికిని కానరాలేదు. బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారు ఊరూర పల్లెజనమును విచారించిరి. తుదకు 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దాపున అది మరల లభించెను. దానిని పట్టి చూపినవాడు అయితన్న యను పిట్టలవేటగాడు. పట్టణపు పండితులకు ఎనుబదియారేండ్లు దొరకని జాడ అతనికి తెలిసియుండెను. తరువాతి కాలమున పరిశోధకులు పొదల నడుమ సన్నని మట్టిని పట్టీలుగా పరచి, రాత్రి వానిపై పడిన అడుగులను ఉదయమున కొలిచి, కెమెరాలు అమర్చి ఆ పక్షి సంచారమును నిర్ణయించిరి. ఇదియు అడుగుజాడల వేటయే. కాని ఇక్కడ జాడ వెనుక పక్షి ఉన్నది. ఆ వేట వలన శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. తెలుగు గంగ కాలువ మార్గమును సైతము మార్పవలసి వచ్చెను. యెతి వేట వలన ఏ అడవి నిలిచినది? ఏ కాలువ తొలగినది?

కనుక కలివికోడి వారి వాదమునకు సాక్షి కాదు, మా వాదమునకే సాక్షి. ఇంతకును అట్టి వేట చేయగోరువారు కడప దాక పోవలసిన పనిలేదు. మన ఊరినుండి బార్శీ మార్గమున సుమారు 20 కిలోమీటర్లు పోయినచో నాన్నజ్ కలదు. అక్కడి గడ్డిమైదానములు బట్టమేక పక్షికి నెలవు. మరాఠీ సోదరులు దానిని మాళ్‌ఢోక్ అందురు. నిలిచినచో మీటరు ఎత్తు. మగపక్షి 15 కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో అత్యంత భారమైన వానిలో ఇది యొకటి. 1970ల దశకమున మన షోలాపూరు పక్షిపరిశీలకుడు బి. ఎస్. కులకర్ణి వీనిని గమనించి లోకమునకు తెలిపెను. 1979లో అభయారణ్యము ప్రకటింపబడెను.

తరువాత జరిగినదేమి? అభయారణ్యపు విస్తీర్ణము తొలుత 8,000 చదరపు కిలోమీటర్లకు పైబడి, ఊళ్లను, పొలములను కూడ కలుపుకొన్నది. భూమి అమ్ముకొనుటకు, కట్టుకొనుటకు ఆటంకములు కలుగుటచే రైతులు పక్షినే ద్వేషించిరి. పిదప దానిని 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించిరి. ఈలోపల మెట్టభూములు దున్నబడెను, చెరకు పెరిగెను, విద్యుత్తు తీగెలు అడ్డముగా సాగెను. బట్టమేకకు ఎదుటిచూపు తక్కువ. భారముచే చటుక్కున ప్రక్కకు మళ్లలేదు. తీగెలకు తగిలి చచ్చును. పెట్ట నేలమీదనే గ్రుడ్డు పెట్టును, అదియు సాధారణముగా ఏడాదికి ఒక్కటే. దేశమంతట ఈ పక్షులు ఇప్పుడు 200 కూడ లేవు. ఉన్నవానిలో అధికభాగము రాజస్థానముననే. నాన్నజ్‌లో మిగిలినవి ఒక చేతి వ్రేళ్లకు మించవు. కర్నూలు సీమలో దీనికొరకే 1988లో ఏర్పడిన రోళ్లపాడులో సైతము దాని దర్శనము దుర్లభమైనది.

ఇక మన సంఘమునకు సంబంధించిన మాట. బట్టమేక యన్నది అచ్చమైన తెలుగు పేరు. మన పేటలలో ఎందరు పిల్లలు ఆ పేరు నెరుగుదురు? బిగ్‌ఫుట్ ఎరిగినవారు ఇంటింట కలరు. ఇంటిలో మాటలాడు తెలుగును బడిలో చదువని తరము పెరుగుచున్న ఈ ఊరిలో ఒక పక్షి పేరు పోవుట చిన్న సంగతిగా తోపవచ్చును. కాని పేర్లు ఒక్కొక్కటిగానే పోవును. పక్షి పోయిన పిమ్మట పేరు ఉండదు. పేరు మరచిన చోట పక్షిని కాపాడుమని అడుగువాడును ఉండడు.

కాబట్టి మా సూచన యిది. హిమాలయములకై చందాలు పోగుచేయుట మానుడు. అటవీశాఖ అనుమతితో చిన్న జట్లుగా నాన్నజ్‌కు పోవుడు. వర్షాకాలము పక్షి గ్రుడ్డు పెట్టు కాలము గనుక అప్పుడు అడుగు పెట్టకుడు. ఏ కాలమందును మైదానములో గుడారము వేయకుడు. పక్షి కనబడకున్నను కృష్ణజింకయో, తోడేలో కనబడవచ్చును. కనబడినదానిని తేదీతో వ్రాసి పెట్టుడు. ఇంటిలోని అవ్వలను, తాతలను అడిగి పక్షుల, గడ్డిమొక్కల తెలుగు పేర్లను సేకరింపుడు. రాజస్థాన, గుజరాతులలోని పక్షుల కొరకు తీగెల సంగతి 2021లో సుప్రీంకోర్టు దాక పోయినది. మన జిల్లా తీగెల సంగతి మన అధికారులకు ఒక విన్నపముగానైనను పోవలదా? ఆ విన్నపముపై సంతకములు సేకరించు పనిని యువకులు చేపట్టినచో, సంఘము పైకమిచ్చుటకు సంకోచింపనక్కరలేదు.

యెతి మన కొరకు ఎన్నేండ్లయినను కాచియుండును. లేనిదానికి చావు లేదు. బట్టమేకకు అంత గడువు లేదు. విజ్ఞులైన సంఘీయులు ఆలోచింతురు గాక.