విశ్రాంతి పేరిట శిక్ష

ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని సీటీ స్కాన్‌లో తేలిన రోగికి ఇటీవలి కాలంలో రెండు సలహాలు తప్పకుండా అందుతున్నాయి. మెట్లెక్కవద్దు, బరువులెత్తవద్దు, వీలైనంతవరకు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలన్నది మొదటిది. మందుల దుకాణంలో దొరికే మూడు బంతుల పరికరాన్ని కొనుక్కుని పూటపూటా పీలుస్తూ కూర్చోవాలన్నది రెండవది. టీవీ ఛానళ్ల ఆరోగ్య కార్యక్రమాల్లోనూ, ఫోన్లలో చేతులు మారే నిమిషం నిడివి వీడియోల్లోనూ, చివరకు కొందరు వైద్యుల నోటి వెంట కూడా ఈ జంట సలహా ఎంత ధీమాగా వెలువడుతున్నదంటే, దానికి ఆధారమేమిటని అడగడమే అమర్యాదగా కనిపిస్తుంది. ఆధారం లేదు. ఉన్న ఆధారమంతా దానికి ఎదురుగా ఉంది. కొలత ప్రకారం, పర్యవేక్షణలో, వారాల తరబడి చేయించే వ్యాయామ శిక్షణ ఈ రోగుల ఆయాసాన్ని తగ్గిస్తుందని, నడకను పెంచుతుందని వైద్యశాస్త్రం తేల్చి చాలా కాలమైంది. రోగికి తన వ్యాధి గురించి అవగాహన కల్పించడం, ఆహారం, మనోధైర్యం వంటి వాటితో ఆ శిక్షణను జతచేసి అందించే చికిత్సకు పల్మనరీ రిహాబిలిటేషన్, అంటే శ్వాసకోశ పునరావాసం, అని పేరు. ఆ పేరైనా వినకుండానే మన రోగుల్లో అత్యధికులు కుర్చీకి పరిమితమవుతున్నారు.

ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల చుట్టూ ఉండే పలుచని గోడలు పదేపదే దెబ్బతిని, మానే క్రమంలో మచ్చ పేరుకుపోయి, గంజిపెట్టి ఆరేసిన గుడ్డలా బిరుసెక్కే స్థితిని పల్మనరీ ఫైబ్రోసిస్ అంటారు. బిరుసెక్కిన ఊపిరితిత్తి సాగదు. మందమెక్కిన గోడను దాటి ఆక్సిజన్ రక్తంలోకి చేరడమూ కష్టమవుతుంది కనుక, కూర్చున్నప్పుడు నిమ్మళంగా ఉన్న మనిషికి నాలుగడుగులు వేయగానే ఆయాసం ముంచుకొస్తుంది. కారణం అంతుపట్టని రకం ఒకటి, కీళ్లవాతం వంటి జబ్బుల వెంట వచ్చేది ఒకటి, రాతిపొడి పీల్చడం వల్ల వచ్చే సిలికోసిస్ ఒకటి, పక్షుల రెట్టల ధూళి, బూజు వంటివి పీల్చగా పీల్చగా వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ ఒకటి. దేశంలోని 27 కేంద్రాల నుంచి 1,084 మంది రోగుల వివరాలతో 2017లో వెలువడిన రిజిస్ట్రీలో సుమారు 47 శాతం మంది ఈ చివరి రకం వారే కావడం గమనార్హం. హైదరాబాద్ కూడళ్లలో పావురాలకు బస్తాల కొద్దీ గింజలు కుమ్మరించి పుణ్యం మూటగట్టుకుంటున్నామనుకునే వారికి, ఆ పుణ్యఫలం చుట్టుపక్కల బాల్కనీల్లో నివసించే వారి ఊపిరితిత్తుల్లో జమ కావచ్చునన్న ఆలోచన రాకపోవడం వేరే వ్యాసానికి చాలినంత విషయం.

ఒకసారి ఏర్పడిన మచ్చ కరగదన్నది నిజం. 2014లో అమెరికా ఆమోదం పొందిన పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే రెండు మందులు కూడా వ్యాధి ముదిరే వేగాన్ని తగ్గించేవే తప్ప ఉన్న మచ్చను చెరిపేవి కావు. ఈ నిజం నుంచే విశ్రాంతివాదులు ఒక అబద్ధాన్ని పుట్టించారు: మచ్చ కరగదు కనుక చేయగలిగిందేమీ లేదట, చేయగలిగిందేమీ లేదు కనుక రోగి ఊరకే ఉండాలట. ఊపిరితిత్తి బాగుపడకపోయినా మనిషి బాగుపడవచ్చునన్న సంగతి ఈ తర్కంలో ఎక్కడా కనిపించదు.

ఆయాసం ఊపిరితిత్తిలో పుట్టినా, దాన్ని పెంచి పోషించేది చాలావరకు కాళ్లే. నడిస్తే రొప్పు వస్తుందని నడక మానేసిన రోగి తొడ కండరాలు కొద్ది నెలల్లోనే చిక్కిపోతాయి. చిక్కిన కండరం అందిన ఆక్సిజన్‌ను సరిగా వాడుకోలేక, చిన్న పనికే లాక్టిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లాన్ని సరిదిద్దడానికి శరీరం మరింత వేగంగా శ్వాసించవలసి వస్తుంది. అసలే బిరుసెక్కిన ఊపిరితిత్తిపై ఆ అదనపు భారం పడగా ఆయాసం రెట్టింపవుతుంది. దానికి భయపడి రోగి ఇంకా తక్కువ కదులుతాడు. నిరుడు వీధి చివరిదాకా నడిచిన మనిషి ఈ ఏడు గుమ్మం దాటలేకపోతే ఆ నష్టమంతా జబ్బు ఖాతాలో వేస్తారు. అందులో విశ్రాంతి వాటా ఎంతో ఎవరూ లెక్కగట్టరు. శిక్షణ పొందిన కండరం అదే దూరాన్ని తక్కువ శ్వాసతో నడిపిస్తుంది. పునరావాస చికిత్స కిటుకంతా ఇంతే, ఇందులో మాయ లేదు, మర్మం లేదు.

మరి ఈ విశ్రాంతి మతం ఎక్కడి నుంచి వచ్చింది? క్షయ శానటోరియంల కాలం నుంచి వచ్చింది. మందులు లేని రోజుల్లో క్షయరోగిని కొండగాలిలో, వసారాలో మంచం వేసి నెలల తరబడి పడుకోబెట్టేవారు; మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం, వికారాబాద్ అనంతగిరి తెలుగునేల మీద ఆ తరం గుర్తులు. వాటిని నడిపిన వారి సేవను కించపరచవలసిన పని లేదు. చేతిలో మందు లేనప్పుడు మంచమే వారికి మిగిలింది. అయితే ఆ రోజుల్లో కూడా ఇంగ్లండులో ఫ్రిమ్లీ శానటోరియం వైద్యుడు మార్కస్ పాటర్సన్ రోగుల చేత మొదట నడిపించి, తరువాత బుట్టలు మోయించి, ఆపైన పార పట్టి మట్టి తవ్వించి, మెట్టు మెట్టుగా శ్రమ పెంచిన సంగతి విశ్రాంతివాదులకు గుర్తుండదు. ఇక అసలు దెబ్బ మద్రాసులో తగిలింది. 1956లో అక్కడ ఏర్పాటైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, శానటోరియంలో మంచి తిండితో, విశ్రాంతితో మందులు వాడిన రోగులను, ఇరుకు ఇళ్లలో అరకొర తిండితో పనిపాటలు చేసుకుంటూ అవే మందులు వాడిన పేదరోగులతో పోల్చి చూడగా, ఏడాది చివర ఇరువర్గాల ఫలితాలూ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయని 1959లో ప్రకటించింది. ప్రపంచమంతటా శానటోరియంలు మూతపడటానికి దారితీసిన పరిశోధనల్లో అది ప్రముఖమైనది. తెలుగువారు చికిత్సకు వెళ్లి వచ్చే నగరంలోనే మంచం ఓడిపోయింది. అయినా ఆరున్నర దశాబ్దాల తరువాత కూడా మన వైద్యుల నాలుక మీద ఆ మంచమే ఉంది. గుండెపోటు రోగిని వారాల తరబడి పడుకోబెట్టే పద్ధతికి 1952లో అమెరికా వైద్యులు లెవిన్, లౌన్ స్వస్తి పలకడం మొదలుపెట్టారు; ఇవాళ గుండె ఆపరేషన్ అయిన మనిషిని మర్నాడో మూడోనాడో నడిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. గుండెకు వర్తించిన బుద్ధి ఊపిరితిత్తికి ఎందుకు వర్తించదో చెప్పగలవారు లేరు.

కొలిచి చూసిన వారు ఏమంటున్నారన్నది మరో సంగతి. 30 మీటర్ల పొడవున్న వరండాలో రెండు కొసలా గుర్తులు పెట్టి, రోగి వేలికి ఆక్సిజన్ శాతం చూపే క్లిప్ తగిలించి, తనకు తోచిన వేగంతో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలడో చూసే పరీక్ష ఒకటుంది. ఆయాసం వస్తే రోగి ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు. నడక ముగిశాక సున్నా నుంచి పది వరకు ఆయాసం ఎంతో రోగినే చెప్పమంటారు. మచ్చకట్టిన ఊపిరితిత్తుల రోగులపై జరిగిన పరీక్షలను కలిపి 2021లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, పునరావాస శిక్షణ పొందినవారు శిక్షణ లేనివారికంటే ఈ ఆరు నిమిషాల్లో సగటున 40 మీటర్లు ఎక్కువ నడిచారని, వారి ఆయాసం తగ్గి జీవన నాణ్యత మెరుగుపడిందని తేల్చింది. రోగికి తేడా తెలిసేందుకు 30 మీటర్ల మెరుగుదల చాలన్నది నిపుణుల అంచనా. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2023 మార్గదర్శకాల్లో ఈ రోగులకు పునరావాస చికిత్స అందించాలని గట్టిగా సిఫారసు చేసింది. నలభై మీటర్లేనా అని పెదవి విరిచేవారు, మంచానికీ స్నానాలగదికీ మధ్య దూరమెంతో తమ ఇంట్లో టేపు పెట్టి కొలుచుకోవాలి.

ఇక మూడు బంతుల పరికరం. పారదర్శకమైన ప్లాస్టిక్ గదులు మూడు, ఒక్కొక్క దానిలో ఒక బంతి, గదుల మీద 600, 900, 1200 అన్న అంకెలు, పీల్చడానికొక గొట్టం. కోవిడ్ తరువాత ఇది లేని ఇల్లు కనిపించడం లేదు. ఆ అంకెలు బంతిని లేపడానికి సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల వేగంతో గాలి పీల్చాలో చెప్పేవి. కడుపు మీదనో ఛాతీ మీదనో ఆపరేషన్ జరిగి, నొప్పి వల్ల లోతుగా శ్వాస తీయలేని రోగి ఊపిరితిత్తుల కొసలు ముడుచుకుపోకుండా ఉండాలని దీనిని తయారుచేశారు. అక్కడ కూడా దాని ప్రయోజనాన్ని పరీక్షలు గట్టిగా నిర్ధారించలేకపోయాయి. ఫైబ్రోసిస్‌లో గాలి గొట్టాలు మూసుకుపోవు కనుక, చాలామంది రోగులు కూర్చున్నచోట మూడు బంతులనూ లేపి, ఇంటిల్లిపాదీ సంతోషించేలా ఊపిరితిత్తులు బాగుపడ్డాయని నమ్మించగలరు. అదే మనిషి లేచి పెరటిదాకా నడిస్తే వేలి క్లిప్‌లో 95 కాస్తా 82కు పడిపోతుంది. బంతి ఆ సంగతి చెప్పదు. ఆక్సిజన్ రక్తంలోకి దాటుతున్నదో లేదో దానికి తెలియదు, తొడల్లో బలముందో లేదో దానికి అక్కరలేదు. రోగికి ఏదో చేస్తున్నామన్న తృప్తి, అమ్మేవాడికి లాభం, రాసినవాడికి నిమిషంలో చీటీ ముగిసిందన్న సుఖం; ఈ ముగ్గురి సౌకర్యం కోసం ఒక ఆటవస్తువు చికిత్స స్థానంలో కూర్చుంది. బూరలు ఊదించే వారు, ప్రాణాయామంతో మచ్చలు కరుగుతాయని ప్రకటించే వారు కూడా ఈ కోవకే చెందుతారు. యోగాభ్యాసం మనసుకు నెమ్మదినిస్తే కాదనేవారు లేరు. మచ్చను కరిగిస్తానని చెప్పి డబ్బు పుచ్చుకోవడం మాత్రం మోసం.

అసలు ఈ విశ్రాంతి ఎవరికి దక్కుతున్నది? పింఛను వచ్చే మగవాడికి పడక కుర్చీ, చేతికి టీవీ రిమోట్, వేళకు కాఫీ అమరవచ్చు. అదే వ్యాధి ఇంటి కోడలికో, అత్తగారికో వస్తే వైద్యుడి ముందు అందరూ తలలూపి, ఇంటికి రాగానే ఆమె పొయ్యి దగ్గరే ఉంటుంది, కాకపోతే సాయంత్రపు నడక, గుడికి వెళ్లడం, పుట్టింటి ప్రయాణం మాత్రం ఆరోగ్యం పేరు చెప్పి రద్దవుతాయి. అంటే ఆమెకు మిగిలేది శ్రమ, పోయేది సంతోషం. రాయి కొట్టి సిలికోసిస్ తెచ్చుకున్న కూలీకి విశ్రాంతి తీసుకోమని చెప్పడం పస్తుండమని చెప్పడమే. తన శ్వాసను ఎలా పొదుపుగా వాడుకోవాలో, ఏ పనిని ఏ భంగిమలో చేస్తే రొప్పు తగ్గుతుందో, ఎక్కడ ఆగి ఎంతసేపట్లో మళ్లీ మొదలుపెట్టాలో నేర్పడం పునరావాస చికిత్సలో ముఖ్యభాగం. ఆ విద్య ఎక్కువగా కావలసింది ఈ ఇద్దరికే, అందనిదీ వీరికే.

ఆక్సిజన్ విషయంలోనూ ఇదే మూఢత్వం. ముక్కుకు గొట్టం పెడితే ఇక చివరిరోజులు వచ్చినట్టేనని బంధువులు గుసగుసలాడతారు, అలవాటైపోతుందని రోగి భయపడతాడు. నడిచేటప్పుడు ఆక్సిజన్ పడిపోయే ఫైబ్రోసిస్ రోగులకు వెంట తీసుకువెళ్లే ఆక్సిజన్ ఇస్తే జీవన నాణ్యత మెరుగుపడుతుందని 2018లో ప్రచురితమైన బ్రిటిష్ పరిశోధన చూపింది. గొట్టం పెట్టుకుని నడవడం సిగ్గుచేటు కాదు. గొట్టానికి సిగ్గుపడి నడక మానడమే అసలు చేటు.

వ్యాధి ఒక్కసారిగా తిరగబెట్టినప్పుడు, గుండె మీద తీవ్ర భారం పడినప్పుడు శిక్షణ ఆపవలసిందే. ఆ జాగ్రత్త శిక్షణలోనే ఇమిడి ఉంది, కనుక దాన్ని అడ్డుపెట్టుకుని అందరినీ పడుకోబెట్టడం చెల్లదు. కావలసిన సామగ్రి కూడా భారీది కాదు: ఒక వరండా, ఒక గడియారం, ఆక్సిజన్ చూపే క్లిప్, ఎక్కి దిగడానికి ఒక మెట్టు, చేతి బరువులకు నీళ్ల సీసాలు, ఆక్సిజన్ సిలిండరు, వీటన్నిటికీ మించి తెలిసిన ఫిజియోథెరపిస్టు. వారానికి రెండు మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు చేయిస్తే చాలు. ఆ తరువాత ఇంట్లో కొనసాగించకపోతే ఫలితం క్రమంగా జారిపోతుంది. జిల్లా ఆసుపత్రుల్లో దీన్ని ఎలా ఏర్పాటు చేయాలో, ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన వారి చుట్టూ అల్లిన ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో దీనికి ఎలా చోటు కల్పించాలో ప్రభుత్వాలు తేల్చుకోవాలి. దానికి సమయం పట్టవచ్చు.

రోగులు మాత్రం అంతవరకు ఆగనక్కరలేదు. విశ్రాంతి తీసుకోమన్న వైద్యుడిని, ఆరు నిమిషాల నడక పరీక్ష ఎప్పుడు చేస్తారని, ఎంత దూరం, ఏ వేగంతో, ఆక్సిజన్ శాతం ఎంతకు తగ్గకుండా నడవాలో కాగితం మీద రాసిమ్మని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబివ్వలేని వైద్యుడి దగ్గర విశ్రాంతి తీసుకోవడం కంటే, జవాబివ్వగల మరో వైద్యుడిని వెతుక్కోవడం మేలు.